నీటిలోని లోహవిషము - బంకమన్ను చేయగల మేలు



నేను శాస్త్రజ్ఞుడను గాను. ముప్పదియైదేండ్లు పల్లెటూరి పాఠశాలలలో తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు నీటిలోని సీసమును గుఱించియు, మట్టి గుణములను గుఱించియు మాటలాడుట యేల యని మీరడుగవచ్చును. ఈ విషయమున నేనొకమాఱు తెలిసీ తెలియని మాట చెప్పి, నన్ను నమ్మిన యూరివారికి కీడు కావించితిని. అట్టి తప్పు మఱియొక యూర జరుగకుండవలెనని, పిమ్మట నేను చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినదానిని మీకు విన్నవింప వచ్చితిని.

నేను కడపట పనిచేసిన యూరికి ఉత్తరపు దిక్కున రేకుల కొట్టమొకటి కట్టి, పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించువారు కొందఱు చేరిరి. రెండేండ్లకు వారు కొట్టము విడిచి వెడలిపోయిరి. దానికి దాపుననే యొక మంచినీళ్ల బావి గలదు. పడమటి వీధివారందఱు దానినీరే త్రాగుచుండిరి. ఒక వానకాలమున ఆ నీరు మట్టిరంగు తిరిగెను. ఊరిపెద్ద యొకాయన యింట ఇండుపగింజను, అనగా చిల్లగింజను, అరగదీసి బానలో కలిపించెను. తెల్లవాఱునప్పటికి నీరు అద్దమువలె తేఱెను. ఆయన నన్ను పిలిచి చూపి, "పంతులుగారూ, ఇంతకంటె మంచినీరు పట్నములో మాత్రము దొరకునా?" యనెను.

కొట్టపు సంగతి నా మనస్సున మెదలుచుండుటచే నాకు సంతోషము కలుగలేదు. ఆ దినములలోనే యొక పత్రికలో, బంకమన్ను నీటిలోని సీసమును లాగుకొనునని చదివియుంటిని. వెంటనే పండితుడనై, "అయ్యా, నీరు తేఱినంతమాత్రమున చాలదు. చెఱువులోని రేగడిమన్ను తెచ్చి బానలో కలిపి, రాత్రియంతయు నుంచి, పై నీరు వంచుకొని త్రాగుడు" అని చెప్పితిని. పంతులు చెప్పెనుగదా యని పడమటి వీధివారు కొన్నినెలలట్లే చేసిరి. బానల యడుగున మిగిలిన మన్నేమి చేయవలెనని ఒక యిల్లాలడుగగా, "మంచి మన్నేకదమ్మా, పెఱటిలోని తోటకూర మడిలో వేయుము" అంటిని.

తరువాత నొకనాడు, నా యొద్ద చదువుకొని పట్నమున ప్రయోగశాలలో పనిచేయు కుఱ్ఱవాడు సెలవులకు వచ్చి, ఆ బావినీటిని, బానలోని నీటిని, తోటకూర మడిలోని మన్నును వేర్వేఱు సీసాలలో పట్టుకొనిపోయెను. పదిదినములకు ఫలితము వచ్చెను. బావినీట సీసము హద్దు మీఱియుండెను. బానలోని నీట కొంత తగ్గెను గాని, హద్దునకు లోబడలేదు. మడిలోని మంటియందును సీసము చేరియుండెను. తోటకూర తినినవారిలో చంటిపిల్లల తల్లులును గలరు. ఆ కాగితము చదివిననాడు నాకు అన్నము సహింపలేదు.

పత్రికలో చదివినది అబద్ధమా? కాదు. బంకమన్ను సీసమును లాగుకొను మాట నిజమే. అది యెట్లు లాగుకొనును, ఎంతవరకు లాగుకొనును, లాగుకొన్న పిదప ఏమగును అను మూడు ప్రశ్నలు నేనడుగలేదు. అదియే నా తప్పు. ఆ మూటికిని సమాధానములు క్రమముగా చెప్పెదను.

మొట్టమొదట, తేట వేఱు, శుద్ధి వేఱు. ఇండుపగింజయు, పటికయు నీటిలో తేలియాడు మట్టిరేణువులను ఒకచోట చేర్చి యడుగునకు దింపును. నీటిలో కరగిపోయిన లోహమునకు రేణువు లేదు, రంగు లేదు, వాసన లేదు. కళాయి పోయిన యిత్తడిగిన్నెలో చారు కాచి రాత్రియంతయు నుంచినచో మఱునాడు దాని రుచి మాఱును. కిలుమెక్కినదందుము. చింతపండు పులుపునకు గిన్నెలోని రాగి కరగి చారులో కలిసినది. మన మే రేణువును చూచితిమి? రాగి యధికమైనచో నాలుక పట్టగలదు. సీసమును, కాడ్మియమును నాలుకయు పట్టలేదు.

వీని హద్దులు ఎంత స్వల్పమో చూడుడు. త్రాగునీటికి మన దేశమున 2012లో సవరించి ప్రకటించిన ప్రమాణము ననుసరించి, లీటరు నీట సీసము 0.01 మిల్లీగ్రామును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామును, పాదరసము 0.001 మిల్లీగ్రామును మించరాదు. ఈ లెక్కను బావితో కొలిచి చూతము. అయిదు మీటరుల వెడల్పును, అయిదు మీటరుల లోతు నీరును గల గుండ్రని బావిలో ఇంచుమించుగా లక్ష లీటరులు పట్టును. ఆ బావినీట ఒక్క గ్రాము సీసము కరగినచో హద్దు చేరినట్లే. ఒక మోటారుబండి బ్యాటరీలో సీసము కిలోగ్రాములకొలది యుండును.

సీసము ముఖ్యముగా పసివారి బుద్ధిని, చదువును, ఎదుగుదలను చెఱచును. కడుపులోనికి పోయిన సీసమును పెద్దలకంటె చిన్నపిల్లలు నాలుగైదురెట్లు అధికముగా ఒంటికి పట్టించుకొందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను చెఱచును. పాదరసము నరములను చెఱచును. మాది పల్లెటూరు, మాకీ భయమేల యని మీరనుకొనవలదు. 1970 తరువాత కర్మాగారములు వెలసిన పటాన్‌చెరు ప్రాంతమున, వాని మురుగు నక్కవాగులో కలిసి, చుట్టుప్రక్కల పల్లెల నీటిని, పొలములను పాడుచేసినది. నక్కవాగు పోయి కలియునది మంజీరలోనే. ఆ పల్లెల గోడు 1990లో సుప్రీము కోర్టువఱకు పోయినది. పెద్ద కర్మాగారము లేనిచోట పాత బ్యాటరీల కొట్టమైన నుండవచ్చును, లోహపు పూతలు పూయు చిన్న పని యైన నుండవచ్చును.

ఇక మన్ను లోహమును ఎట్లు పట్టును?

ఈ సంగతి తొలుత బయటపడినది నీటిశుద్ధి కొఱకు కాదు, ఎరువు కొఱకు. ఇంగ్లండు దేశమున యార్క్‌షైరులో థామ్సన్ అను భూస్వామి, ఎరువులోని సారము వానలకు కొట్టుకొనిపోవునా, నేలలో నిలుచునా యని తెలియగోరి, అమ్మోనియం సల్ఫేటు కలిపిన నీటిని మట్టిగుండ దింపి చూచెను. క్రిందికి దిగిన నీట అమ్మోనియా చాలవఱకు లేదు. దానికి మాఱుగా సున్నపు లవణమగు జిప్సము దిగెను. హక్స్‌టబుల్ అను క్రైస్తవ పురోహితుడు పశువుల మూత్రము నిలువచేసిన తొట్టిలోని నీటిని మట్టిగుండ వడియగట్టగా, రంగును, కంపును పోయి దిగెను. ఆ దేశపు రాజకీయ వ్యవసాయ సంఘమునకు రసాయనశాస్త్రవేత్తయైన వే అను నాయన ఈ పరీక్షలను విస్తరించి, 1850లో తన ఫలితములను ప్రకటించెను. మట్టిలో ఈ పని చేయునది ఇసుక కాదు, బంకమన్నే యని ఆయన నిరూపించెను. అమ్మోనియాను తీసికొని సున్నమును ఇచ్చినది. ఇది వడియగట్టుట కాదు, ఇచ్చిపుచ్చుకొనుట. సంతలో వడ్లు కొలిచి ఉప్పు తెచ్చుకొన్నట్లు, మన్ను తన యొద్దనున్న సున్నమును విడిచి నీటిలోని మఱియొకదానిని చేకొనుచున్నది.

ఇట్లేల జరుగునో తెలియుటకు మఱి యెనుబదియేండ్లు పట్టినది. 1930లో లైనస్ పౌలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అభ్రకమును, దానిని పోలిన ఖనిజములును ఏ విధమున పొరలు పొరలుగా కట్టబడియున్నవో వివరించెను. బంకమన్ను కూడ ఆ జాతిదే. అభ్రకపు రేకులను మనము గోటితో విప్పగలము. బంకమంటి రేకులు కంటికందవు. ఒక్కొక్క రేకు మందము మిల్లీమీటరులో ఇంచుమించుగా పదిలక్షలవ వంతు మాత్రమే.

ఈ రేకులు సిలికాను, అల్యూమినియము, ప్రాణవాయువు కలిసి యేర్పడినవి. అక్కడక్కడ నాలుగు పాళ్ల ధనావేశము గల సిలికాను ఉండవలసిన చోట మూడు పాళ్లదగు అల్యూమినియమును, అల్యూమినియము ఉండవలసిన చోట రెండు పాళ్లదగు మెగ్నీషియమును కూర్చున్నవి. నలుగురు మోయు పల్లకిని ముగ్గురు మోసినట్లు, అచ్చట నొక కొఱత యేర్పడును. ఆ కొఱతయే ఋణావేశము. దానిని తీర్చుటకై కాల్షియము, సోడియము వంటి ధనావేశము గల కణములు రేకుల నడుమ వచ్చి నిలుచును. అవి అక్కడ కట్టుబడినవి కావు, కాపురమున్నవి మాత్రమే. నీటిలో కరగిన సీసము, కాడ్మియము కూడ ధనావేశము గలవే గావున, అవి వచ్చినపుడు కాల్షియము లేచి చోటిచ్చును. రేకుల యంచులందు ఇంతకంటె గట్టి పట్టును కొంత గలదు.

బంకమన్నులన్నియు నొక్కటి కావు. పింగాణి చేయుటకు వాడు తెల్లమన్నులో ముఖ్యమైనది కెయోలినైటు. మన యెఱ్ఱనేలలలోని బంక చాలవఱకు ఈ జాతిదే. రేగడినేలలలో నుండునది మాంట్‌మోరిల్లొనైటు జాతి. ఫ్రాన్సులోని మాంట్‌మోరిల్లాన్ అను నూరినిబట్టి దానికా పేరు వచ్చినది. వానకు పొంగి కాలికంటుకొనుటయు, వేసవిని కాలు దిగబడునంతటి నెఱ్ఱెలు వాఱుటయు దాని లక్షణములే. మన 'రేగడి' మాటయే ఆంగ్ల శాస్త్రగ్రంథములలో 'రెగర్' అయినది. ఇచ్చిపుచ్చుకొను శక్తిని శాస్త్రజ్ఞులు కొలుచు కొలతలో కెయోలినైటుది 3 నుండి 15 వఱకును, మాంట్‌మోరిల్లొనైటుది 80 నుండి 150 వఱకును ఉండును. దీని రేకులన్నిటిని విప్పి, రెండు ముఖములను కలిపి కొలిచినచో, ఒక్క తులము మంటిలో ఇంచుమించుగా రెండెకరముల వైశాల్యముండును. తులమెత్తు మంటిలో రెండెకరముల చోటుండుటచేతనే లోహమునకు అంతగా స్థానము దొరకుచున్నది.

ఇచ్చట నొక మాట. మట్టికుండలో నీరుంచినచో చాలదా యని కొందఱడుగుదురు. కుమ్మరి యావములో కాలినపుడు ఈ రేకులు తమ గుణమును చాలవఱకు కోలుపోవును. కుండ నీటిని చల్లబఱచును. సీసమును తీయునని నమ్మి దానిపై నాధారపడరాదు.

ఇంత శక్తిగల మన్ను పడమటి వీధి బానలలో ఏల యోడిపోయినది?

మొదటి కారణము మన నీటి కాఠిన్యము. ప్రయోగశాలలో పరీక్షించునపుడు తఱచుగా శుద్ధజలమున సీసమును కలిపి చూతురు. అచ్చట పోటీకి మఱియొకరు లేరు. మన బావినీటిలో సున్నము మెండు. లీటరునకు 80 మిల్లీగ్రాముల కాల్షియముండుట వింతగాదు. అదే లీటరులో హద్దునకు పదిరెట్లు, అనగా 0.1 మిల్లీగ్రాము సీసమున్నదనుకొందము. కణములను లెక్కించినచో ఒక్క సీసకణమునకు నాలుగువేలకు పైగా కాల్షియకణములుండును. మన్ను కాల్షియముకంటె సీసమునే కొంత యెక్కువగా ఇష్టపడును. అయినను నాలుగువేలమంది త్రోసికొనుచున్న ద్వారమున నొక్కడు లోని కేగుట యెట్టిదో యాలోచింపుడు. పత్రికలో నూటికి తొంబది పాళ్లు తీసినదని చదివితిమేని, ఏ నీటినుండి తీసినదని అడుగవలెను.

రెండవది, నేను చెప్పిన మన్నునకు కొలత లేదు. ఎంత నీటికి ఎంత మన్ను, ఎంతసేపు కలియబెట్టవలెను, ఎప్పుడు మార్చవలెను అను లెక్క లేనిదే యే మందును మందు కాదు.

మూడవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది. రేగడిలోని మిక్కిలి సన్నని రేణువులు ఒక్కరాత్రిలో అడుగునకు దిగవు. పై నీరు కొంచెము మసకగా నున్నను, మంచి మన్నేకదా యని త్రాగిరి. ఆ రేణువులు సీసమును పట్టుకొన్నవి. కడుపులోని యామ్లము మన చింతపండుకంటె తీవ్రమైనది. పులుపు తగిలినంతనే మన్ను లోహమును విడుచును. నీటినుండి సీసమును తీసి, దానిని మంటిపై నెక్కించి, మరల ఆ మంటినే మ్రింగించితిమి. దీనిని తప్పించుటకు మంటిని గుడ్డలో మూటగట్టి నీరు పోయుదమన్నచో, రేగడి పొంగి నీటిని దిగనీయదు. అందుచేత దీనితో పనిచేయువారు మంటిని పలుకులుగా చేయుటయు, ఇసుకతో కలుపుటయు, ఇతర సంస్కారములు చేయుటయు కలదు. అది పెఱటిలో చేసికొను పని కాదు.

నాలుగవది, అన్ని విషములు నొక్క గుణము గలవి కావు. తోళ్లు పదునుచేయు చోట్లను, లోహపు పూతలు పూయు చోట్లను వచ్చు క్రోమియములో మిక్కిలి చెడ్డదగు రకము నీటిలో ఋణావేశము గలదై యుండును. పాషాణము కూడ నీటిలో తఱచుగా అట్టిదే. రేకులును ఋణావేశము గలవే గావున, అవి వీనిని దగ్గఱకు రానీయవు. పాషాణమును పట్టుటకు ఇనుపత్రుప్పు కలిసిన పదార్థములు మేలు. ఫ్లోరైడు లోహమే కాదు. దానికి సున్నమును, పటికను కలిపి చేయు నల్లగొండ పద్ధతి వేఱుగా గలదు. జ్వరమేదో తెలియక మాత్ర మ్రింగరాదు. నీటిలో నేమున్నదో తెలియక మన్ను కలుపరాదు.

ఇక మూడవ ప్రశ్న. లోహమును పట్టిన పిదప మన్ను ఏమగును? దీనికి జపాను దేశపు కథయొకటి చెప్పవలెను.

ఆ దేశమున తొయామా మండలములో జింజు అను నది పాఱుచున్నది. దాని యెగువన కమియోకా అను చోట తుత్తునాగపు గనులుండెడివి. గని మురుగుతో కాడ్మియము నదిలో కలిసెను. దిగువ రైతులు ఆ నీటినే వరిమళ్లకు పెట్టుకొనిరి. నది వదలిన కాడ్మియము ఏండ్లతరబడి మళ్లలోని మంటిలో చేరి నిలిచెను. నీరు మడిలోనుండి వెడలునపుడు కొంత శుభ్రపడియే యుండును. కాని మన్ను పుచ్చుకొన్నదానిని వరివేళ్లు తోడుకొనెను. వేళ్లనుండి గింజకును, గింజనుండి మనుష్యునకును అది చేరెను. ముదిమికి వచ్చిన స్త్రీల యెముకలు గుల్లబాఱి, దగ్గినంతనే విఱుగుచుండెను. వారి యార్తనాదమే ఆ వ్యాధికి పేరయ్యెను: ఇతాయ్-ఇతాయ్. మన భాషలో 'నొప్పి, నొప్పి' యని యర్థము. ఇది కాలుష్యమువలన కలిగిన వ్యాధియని జపాను ప్రభుత్వము 1968లో ఒప్పుకొనెను. చెడిన మళ్లలో ఎనిమిదివందల హెక్టారులకు మించిన నేలను బాగుచేయుటకు, విషము పట్టిన మంటిని వేఱుచేసి పైన మంచి మన్ను పోయవలసివచ్చెను. ముప్పదియేండ్లకు పైబడి సాగిన ఆ పని 2012లో ముగిసెను.

ఈ కథ చదివిననాడు నాకు తోటకూర మడి జ్ఞప్తికి వచ్చెను. మన్ను విషమును చంపదు. లోహము కుళ్లదు, కాలదు, నశింపదు. మన్ను దానిని నీటినుండి తన మీదికి మార్చుకొనును. అంతియే. ఆ బరువు మోయుచున్న మంటిని ఎక్కడ దింపుచున్నామో, విషమును అక్కడ దింపుచున్నాము.

అట్లయిన బంకమన్ను నిరుపయోగమా? కాదు. దానికి తగిన స్థానము మన బాన కాదు, విషము పుట్టుచోటు. కర్మాగారము నుండి వెడలు మురుగులో లోహము దట్టముగా నుండును. అది యే లోహమో తెలియును. నీటి పులుపును సరిచేయవచ్చును, మంటిని తూచి కలుపవచ్చును, దిగిన బురదను వేఱుచేసి ప్రమాదకర వ్యర్థముల కొఱకు కట్టిన స్థలమున పూడ్చవచ్చును. మఱియు నీటిని దిగనీయని రేగడి గుణము బానలో దోషమైనను, వ్యర్థముల గోతికి రక్షయగును. గుజరాతులోని కచ్ఛదేశమున దొరకు బెంటొనైటు ఈ జాతి మన్నే. అట్టి మంటిని గోతియడుగున పఱచినచో, విషపునీరు నేలలోనికి దిగక నిలుచును. మా యూరి కొట్టమువారు ఆ పని చేసియుండినచో మా బావి చెడియుండదు. కొట్టమునకు అనుమతి యిచ్చినవారు దానిని అడిగియుండవలెను. ఊరిపెద్దలము మేమును అడిగియుండవలెను.

కావున ఇపుడు మనము చేయదగినదేమి?

మీ యూరి బావికి సమీపమున బ్యాటరీలను కరగించు కొట్టము, లోహపు పూతల పని, తోళ్ల పని, కర్మాగారపు మురుగుకాలువ ఏదైన నున్నయెడల, ఇప్పుడు లేకున్నను పూర్వముండినయెడల, ఆ నీటిని పరీక్షింపజేయుడు. ఊళ్లలో వాడు చిన్న పరీక్షపెట్టెలు సామాన్యముగా ఫ్లోరైడు, కాఠిన్యము, క్లోరిను మొదలగువానిని చూపును. సీసము, కాడ్మియము వంటివానిని ఇంత సూక్ష్మముగా కొలుచుటకు ప్రయోగశాలలోని యంత్రము వలయును. కాబట్టి 'నీటిని పరీక్షింపుడు' అని మాత్రము వ్రాసి ఊరకుండక, 'సీసము, కాడ్మియము, క్రోమియము, పాషాణము, పాదరసము కొలిచి చెప్పుడు' అని పేరుపేరున వ్రాసి యడుగుడు. పేరు చెప్పకున్న వానిని కొలువకయే 'నీరు మంచిది' అన్న కాగితము రావచ్చును.

విషమున్నదని తేలినచో దానిని దాచవలదు. బంగ్లాదేశమున గొట్టపుబావుల నీట పాషాణమున్నదని 1993లో బయటపడినది. 2000 తరువాతి కొన్నియేండ్లలో అచ్చట సుమారు 50 లక్షల గొట్టపుబావులను పరీక్షించి, చెడ్డవానికి ఎఱ్ఱరంగును, మంచివానికి ఆకుపచ్చరంగును పూసిరి. చదువురాని బిడ్డయు ఏ నీరు త్రాగవచ్చునో తెలిసికొనగలిగెను. ఎఱ్ఱరంగు బావినీరు బట్టలుతుకుటకు పనికివచ్చును. త్రాగుటకును, వంటకును, ఆకుకూరల మడికిని పనికిరాదు.

నీటిని కాచినచో క్రిములు చచ్చును, లోహము చావదు. నీరు ఆవిరియై తఱుగుటచే మిగిలినదానిలో లోహము దట్టమగును. ఆర్.ఓ. యంత్రము లోహములను చాలవఱకు తీయును గాని, అది ప్రక్కకు విడుచు నీటిలో ఆ లోహమే చిక్కనై యుండును. ఆ నీటిని మడికి మళ్లింపవలదు. వేఱొక బావి మంచిదని పరీక్షలో తేలినచో అదియే యన్నిటికంటె సులువైన మార్గము. ఎంత నడువవలసివచ్చినను అది చౌకయే. ఇక అట్టి నీటిని చాలకాలము త్రాగిన పిల్లలున్నచో, వారి రక్తములో సీసమెంతయున్నదో వైద్యునిచే పరీక్షింపజేయుడు.

మా యూరి సంగతి చెప్పి ముగింతును. ఆ బావి గిలకకంబములకు ఎఱ్ఱరంగు పూసితిమి. పడమటి వీధివారు తూర్పువీధి బావికి పోవలసివచ్చెను. ఆ బావి వద్దకు వారెన్నడును పోయినవారు కారు. రెండు దినములు మాటామాటా పెరిగినది. చివరకు, నాకు తేఱిన నీరు చూపిన ఆ పెద్దాయనయే తన మనుమని చేతికి బిందె యిచ్చి, తాను కఱ్ఱ పొడుచుకొనుచు వెంట నడచి తూర్పు బావికి పోయెను. ఆ తరువాత నెవరును మాటలాడలేదు. తోటకూర మడులలోని మంటిని త్రవ్వి గోనెసంచులలో నింపితిమి. ఎక్కడ పాఱవేయవలెనో తెలియక, పాఠశాల వెనుకనున్న పాకలో, తడి తగులకుండ, పిల్లలు పోకుండ తాళము వేసి యుంచితిమి. అధికారులకు వ్రాయుచు, తిరుగుచునుండగా, ఏడు నెలలకు గాని బండి వచ్చి వానిని ప్రమాదకర వ్యర్థముల స్థలమునకు కొనిపోలేదు. ఆ యేడు నెలలు ఉదయమున బడి తలుపు తెఱచునపుడు నా కన్ను మొదట ఆ సంచులమీదనే పడుచుండెను.

ఆ యిల్లాలు నన్ను నిందింపలేదు. "మీరు మంచికే చెప్పినారు పంతులుగారూ" అనెను. మంచికే చెప్పితిని, నిజమే. కాని నీరు త్రాగువాడు మన తలంపును త్రాగడు, నీటినే త్రాగును. మీ యూర నెవరైనను, నావంటి పంతులైనను సరే, ఇది కలుపుడు, అది కలుపుడు అని చెప్పినచో, మూడు ప్రశ్నలడుగుడు: ఈ నీటిలో నేమున్నదో కొలిచితిరా? కలిపిన పిదప మరల కొలిచితిరా? కలిపినదానిని ఎక్కడ వేయమందురు? ఈ మూటికిని జవాబు దొరకువఱకు బిందె ఎత్తవలదు.